సొంతంగా గేమింగ్ పీసీ కడుతున్నారా? తక్కువ బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇవి చూసుకోండి..

• ఒకే పేరుతో మార్కెట్లో వేర్వేరు కార్డులు.. డబ్బా మీద ఏ అంకెలు చూడాలి?
• మీ ఎస్‌ఎమ్‌పీఎస్, మదర్‌బోర్డు కొత్త కార్డును మోయగలవా?
• ఎవరికి ఏ కార్డు? సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చెక్ చేయాలి?

గేమింగ్ పీసీ అసెంబుల్ చేసుకునేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యే పార్ట్ గ్రాఫిక్స్ కార్డే. కొనేటప్పుడు తేడా కొడితే గట్టి దెబ్బ తగిలేదీ ఇక్కడే. ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బో, మొదటి జీతంలో దాచుకున్నదో.. రెండోసారి కొనే చాన్స్ వెంటనే రాదు. పైగా ఈ మార్కెట్లో ఒక తిరకాసు ఉంది. డబ్బా మీద పేరు ఒకటే ఉంటుంది, లోపల సరుకు మాత్రం వేరుగా ఉంటుంది. అందుకే పేరు చూసి కాదు, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అంకెలు చూసి కొనాలి. ఆ అంకెలేంటో, మీ పీసీకి ఏది సరిపోతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మానిటర్.. ఆ తర్వాతే కార్డు

స్క్రీన్ మీద ఉండే చుక్కలకు క్షణక్షణం రంగులు వేయడమే గ్రాఫిక్స్ కార్డు పని. చుక్కలు పెరిగే కొద్దీ పని పెరుగుతుంది. 1080పీ మానిటర్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే 4కే మానిటర్ పెడితే కార్డుకు నాలుగింతల చాకిరీ అన్నమాట. బడ్జెట్ కార్డు అంటే 1080పీ కోసమే అని ముందే ఫిక్స్ అయిపోతే సగం గందరగోళం తగ్గుతుంది.

రెండోది రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. కార్డు 140 ఫ్రేమ్‌లు ఇచ్చినా మీ కంటికి చేరేది అంతే. పాత మానిటర్ అలాగే ఉంచి పెద్ద కార్డు కొనడం కన్నా, ఆ డబ్బును కార్డుకు, మానిటర్‌కు పంచుకోవడం మేలు.

ఆడే గేమ్ కూడా ముఖ్యమే. వాలరెంట్ లాంటి ఈ-స్పోర్ట్స్ గేమ్‌లు చాలా తేలిక. అది 2020లో వచ్చినప్పుడు 60 ఎఫ్‌పీఎస్ కోసం రయట్ గేమ్స్ సూచించిన కార్డు అప్పటికే పాతబడిన జీటీ 730. అదే సైబర్‌పంక్ 2077కి ఇప్పుడు కనీసం జీటీఎక్స్ 1060 6జీబీ ఉండాలి. ఇంకో అడుగు ముందుకేస్తే, 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ గేమ్‌లకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. జీటీఎక్స్ 1660 లాంటి కార్డులు సెట్టింగ్స్ ఎంత తగ్గించినా వీటి కనీస అర్హతకు అందవు. కొత్త గేమ్‌లు ఆడాలనుకునేవాళ్లు జీటీఎక్స్ కార్డుల జోలికి వెళ్లకపోవడానికి ఇదొక్కటి చాలు.

ఒకే పేరు.. రెండు కార్డులు!

బడ్జెట్ సెగ్మెంట్‌లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కొన్ని ఉదాహరణలు చూడండి.

• ఆర్‌టీఎక్స్ 3050: 2022 జనవరిలో వచ్చిన 8జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ బస్ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో వచ్చిన 6జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ బస్ మాత్రమే. తగ్గింది 2జీబీ మెమరీ ఒక్కటే కాదు, మెమరీ స్పీడ్ కూడా సెకనుకు 224 జీబీ నుంచి 168 జీబీకి పడిపోయింది.

• జీటీ 1030: జీడీడీఆర్5 మెమరీ ఉన్నదాని స్పీడ్ సెకనుకు 48 జీబీ. తర్వాత వచ్చిన డీడీఆర్4 మోడల్‌ది 16.8 జీబీ. పేరు అదే, స్పీడ్ మాత్రం దాదాపు మూడో వంతు.

• ఆర్‌టీఎక్స్ 3060: అసలు కార్డు 12జీబీ, 192 బిట్. తర్వాత 8జీబీ, 128 బిట్‌తో ఇంకోటి దించారు.

• ఆర్‌ఎక్స్ 580: ఒరిజినల్‌లో 2304 కోర్లు ఉంటాయి. ‘2048ఎస్‌పీ’ అని చిన్నగా రాసి ఉంటే అందులో 2048 కోర్లే ఉన్నట్టు. ఆన్‌లైన్‌లో ‘8జీబీ గేమింగ్ కార్డు’ అంటూ చవగ్గా కనిపించే వాటిలో ఇవి చాలా ఉంటాయి.

కాబట్టి షాపులో ‘3050 ఉందా అన్నా?’ అని అడిగితే సరిపోదు. ఎన్ని జీబీ, ఏ రకం మెమరీ, ఎన్ని బిట్.. ఈ మూడూ అడగాలి. ఈ మూడూ తెలిస్తే అది ఏ కార్డో తేలిపోతుంది.

వీడియో మెమరీ ఎంత ఉండాలి?

గేమ్‌లో కనిపించే గోడలు, చెట్లు, బట్టల మీది డిజైన్లు అన్నీ కార్డులోని సొంత మెమరీలో ఉంటాయి. అది నిండిపోతే మిగతా సరుకును పీసీ ర్యామ్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా మదర్‌బోర్డు దారిలో తెచ్చుకోవాలి. ఆ దారి ఎంత ఇరుకో అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. ఆర్‌టీఎక్స్ 5060 సొంత మెమరీ స్పీడ్ సెకనుకు 448 జీబీ. అదే కార్డు పాత పీసీఐఈ 3.0 మదర్‌బోర్డులో ర్యామ్ నుంచి తెచ్చుకోగలిగేది సెకనుకు సుమారు 8 జీబీ. పీసీఐఈ 4.0 బోర్డులో అయినా సుమారు 16 జీబీయే. గేమ్ సాఫీగా వెళ్తూ వెళ్తూ ఒక్కసారిగా కొట్టుకోవడం, గోడల మీద బొమ్మలు మసకగా రావడం.. ఇవన్నీ మెమరీ చాలడం లేదనడానికి గుర్తులు.

2025 ఏప్రిల్‌లో ఎన్‌విడియా తెచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కార్డునే తీసుకోండి. 8జీబీ, 16జీబీ అని రెండు రకాలు. లోపలి చిప్ ఒక్కటే. మామూలు సెట్టింగ్స్‌లో రెండూ పక్కపక్కనే పరిగెడతాయి. టెక్స్చర్స్ అల్ట్రాలో పెట్టి రే ట్రేసింగ్ ఆన్ చేశారంటే 8జీబీ కార్డు వెనకబడుతుంది.

మరి ఎంత కొనాలి? ఈ-స్పోర్ట్స్ గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకు 6జీబీ సరిపోతుంది. కొత్త స్టోరీ గేమ్‌లు 1080పీలో ఆడాలంటే 8జీబీ కనీసం ఉండాలి, అదీ టెక్స్చర్స్ కాస్త తగ్గించుకునే ఓపిక ఉంటేనే. నాలుగైదేళ్లు మార్చకుండా వాడాలనుకుంటే 12జీబీ, 16జీబీ కార్డుల వైపు చూడండి. 4జీబీ కార్డు ఈ రోజుల్లో కొత్తగా కొనొద్దు.

అలాగని జీబీలు ఎక్కువ ఉన్నదల్లా మంచి కార్డు కాదు. 2014 నాటి జీటీ 730కి 4జీబీ మెమరీ తగిలించి ‘గేమింగ్’ స్టిక్కర్ వేసి అమ్ముతుంటారు. గోడౌన్ ఎంత పెద్దదైతే ఏం లాభం, మోసే మనుషులు లేనప్పుడు?

ఎస్‌ఎమ్‌పీఎస్ మోయగలదా?

చాలామంది చివర్లో మిగిలిన డబ్బుతో ఎస్‌ఎమ్‌పీఎస్ కొంటారు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన దాంతో సరిపెట్టేస్తారు. అది కాలిపోతే ఒక్కోసారి కార్డును, మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది.

లెక్క సింపుల్. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్ల వరకు అందుతుంది. 6 పిన్ కేబుల్ ఇంకో 75, 8 పిన్ కేబుల్ 150 వాట్లు ఇస్తాయి. బడ్జెట్ కార్డులకు ఎంత కావాలంటే..

• ఆర్‌టీఎక్స్ 3050 6జీబీ: 70 వాట్లు
• ఆర్‌టీఎక్స్ 4060: 115 వాట్లు
• ఆర్‌ఎక్స్ 6600: 132 వాట్లు
• ఆర్‌టీఎక్స్ 5060: 145 వాట్లు
• ఆర్‌ఎక్స్ 7600: 165 వాట్లు
• ఇంటెల్ ఆర్క్ బీ580: 190 వాట్లు

రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్‌కు ఎక్కువలో ఎక్కువ 76 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కు 132, మిగతా పార్టులన్నిటికీ ఇంకో 50 వేసుకోండి. మొత్తం 260 వాట్ల దగ్గర ఆగుతుంది. అంటే మంచి కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ హాయిగా సరిపోతుంది. ‘750 వాట్లు లేకపోతే పేలిపోద్ది’ అంటే నమ్మక్కర్లేదు.

కానీ లేబుల్ మీద 450 అని ఉన్నంత మాత్రాన 450 రావు. పక్కన ఉండే టేబుల్‌లో 12 వోల్ట్ లైన్‌కు ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 16 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణిస్తే 192 వాట్లే. కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది ఆ లైన్ మీదే. 80 ప్లస్ సర్టిఫికెట్ ఉందో లేదో కూడా చూసుకోండి. 8 పిన్ కేబుల్ లేదని సాటా పవర్ కన్వర్టర్ పెట్టే పని మాత్రం వద్దే వద్దు. సాటా కనెక్టర్ 12 వోల్ట్ లైన్‌లో మోయగలిగేది 54 వాట్లే. అంతకు మించి లాగితే వేడెక్కి కరుగుతుంది.

ఇంట్లో యూపీఎస్ ఉంటే దాని లెక్క కూడా వేసుకోండి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవే. పైన చెప్పిన పీసీకి, మానిటర్‌కు అది చాలు. కాకపోతే కరెంట్ పోతే గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసే టైమే ఉంటుంది. మ్యాచ్ పూర్తి చేద్దాం అనుకోవద్దు.

మదర్‌బోర్డు, ప్రాసెసర్ సంగతేంటి?

కార్డుకు, మదర్‌బోర్డుకు మధ్య ఉండే దారిలో లేన్‌లు ఉంటాయి. కార్డు స్లాట్‌లో నిండుగా కూర్చున్నా అన్ని లేన్‌లూ వాడదు. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 వాడేది 8 లేన్‌లే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే మరీ 4 లేన్‌లే, మెమరీ కూడా 4జీబీయే. పాత పీసీఐఈ 3.0 బోర్డులో దీని స్పీడ్ బాగా పడిపోతుంది. పైగా వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు. అంటే గేమ్ రికార్డ్ చేయడం, లైవ్ ఇవ్వడం కార్డు మీద వేయలేరు. చవగ్గా వస్తున్నా వదిలేయండి.

ఇంటెల్ ఆర్క్ కార్డులకు ఇంకో షరతు ఉంది. రీసైజబుల్ బార్ అనే ఆప్షన్ బయోస్‌లో ఆన్‌లో ఉండాలి. ఇంటెల్‌లో 10వ జనరేషన్, ఏఎమ్‌డీలో రైజెన్ 3000 సిరీస్ కన్నా పాత పీసీ అయితే ఆర్క్ గురించి ఆలోచించకండి.

ప్రాసెసర్ మరీ పాతదైతే ఎంత పెద్ద కార్డు వేసినా లాభం లేదు. కార్డు బొమ్మ గీయడానికి రెడీగా ఉన్నా, ఏం గీయాలో ప్రాసెసర్ చెప్పేదాకా ఆగాలి కదా. బడ్జెట్ కార్డులకు రైజెన్ 5 5600, కోర్ ఐ3 12100ఎఫ్ స్థాయి ప్రాసెసర్లు చక్కగా సరిపోతాయి. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఉండదు. గ్రాఫిక్స్ కార్డు పాడైతే స్క్రీన్ కూడా రాదన్న సంగతి గుర్తుంచుకోండి.

ఎవరికి ఏ కార్డు?

ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ పీసీ ఉన్నవాళ్లకు: వీటిలో అదనపు పవర్ కేబుల్ ఉండదు. 70 వాట్లతో నడిచే ఆర్‌టీఎక్స్ 3050 6జీబీ ఇక్కడ పనికొస్తుంది. చాలా మోడళ్లకు పవర్ కేబుల్ అక్కర్లేదు. పీసీ సన్నటి డబ్బా అయితే లో-ప్రొఫైల్ మోడల్ అడగండి. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చగలిగినవాళ్లకు మాత్రం ఈ కార్డు అవసరం లేదు.

తక్కువ ఖర్చులో 1080పీ ఆడాలనుకునేవాళ్లకు: ఆర్‌ఎక్స్ 6600. 2021 అక్టోబర్‌లో వచ్చినా, 3050 రెండు రకాల కన్నా ఇది స్పీడ్. ఇండియానా జోన్స్ గేమ్ కనీస అర్హతలో ఉన్న ఏఎమ్‌డీ కార్డు కూడా ఇదే. రే ట్రేసింగ్‌లో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

కొత్త కార్డే కావాలనుకునేవాళ్లకు: ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8జీబీ. రెండూ 2025లో 299 డాలర్ల ధరతో వచ్చాయి. వీడియో ఎడిటింగ్, బ్లెండర్ లాంటి పనులు కూడా చేసేవాళ్లకు ఎన్‌విడియా వైపు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఎక్కువ. ఉన్నది పీసీఐఈ 3.0 బోర్డు అయితే 16 లేన్‌లు వాడే 9060 ఎక్స్‌టీకి మొగ్గు.

కొత్త మదర్‌బోర్డు ఉండి మెమరీ ఎక్కువ కావాలంటే: ఇంటెల్ ఆర్క్ బీ580. 12జీబీ, 192 బిట్‌తో 2024 డిసెంబర్‌లో 249 డాలర్లకు వచ్చింది.

ఎక్కువ ఏళ్లు వాడాలనుకునేవాళ్లకు: ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16జీబీ. 8జీబీ మోడల్‌కు, దీనికి విడుదల ధరలో తేడా 50 డాలర్లే. ఇంకో రెండు నెలలు ఆగితే ఆ తేడా సర్దుబాటు అవుతుందంటే.. ఆగడమే తెలివైన పని.

ఇప్పుడు అంత డబ్బు లేకపోతే: అరకొర కార్డు కొనకండి. రైజెన్ 5 8600జీ లాంటి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టండి. ర్యామ్ ఒకే 16జీబీ స్టిక్ కాకుండా రెండు 8జీబీ స్టిక్‌లు వేయండి. వాలరెంట్ లాంటివి ఆడుకుంటూ కార్డు తర్వాత కొనుక్కోవచ్చు.

యూట్యూబ్ టెస్ట్ వీడియోలు ఎలా చూడాలి?

‘ఈ కార్డు 120 ఎఫ్‌పీఎస్ ఇస్తోంది’ అని వీడియోలో కనిపించగానే ఆర్డర్ పెట్టేయకండి. నాలుగు విషయాలు చూడండి. ఏ రిజల్యూషన్? ఏ సెట్టింగ్స్? ఏ ప్రాసెసర్? డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటివి ఆన్‌లో ఉన్నాయా?

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అంటే చిన్న సైజులో బొమ్మ గీసి దాన్ని పెద్దది చేసే టెక్నిక్‌లు. బడ్జెట్ కార్డుకు ఇవి వరమే. ఫ్రేమ్ జనరేషన్ కథ వేరు. రెండు నిజమైన ఫ్రేమ్‌ల మధ్య కల్పిత ఫ్రేమ్‌లు దూర్చి నంబర్ పెంచుతుంది. కంటికి సాఫీగా ఉంటుంది కానీ, మౌస్ కదిపితే స్పందన ఆ నంబర్‌కు తగ్గట్టు ఉండదు. 30 ఎఫ్‌పీఎస్‌ను 100 చేసి చూపించినా చేతికి 30 లాగే అనిపిస్తుంది.

సగటు ఎఫ్‌పీఎస్ పక్కన ‘1 శాతం లో’ అని ఇంకో అంకె ఉంటుంది. సగటు 90 ఉండి అది 30కి పడిపోతుంటే గేమ్ కొట్టుకుంటున్నట్టే. 75 ఉండి 60 దగ్గర నిలిచే కార్డే నయం.

ధర పోల్చడానికి ఒక చిట్కా. కార్డు ధరను, మీరు ఆడే గేమ్‌లో వచ్చే ఎఫ్‌పీఎస్‌తో భాగించండి. ఉదాహరణకు 24 వేల కార్డు 80 ఫ్రేమ్‌లు ఇస్తే ఫ్రేమ్‌కు రూ.300. 20 వేల కార్డు 50 ఇస్తే ఫ్రేమ్‌కు రూ.400. చవక అనిపించిందే ఖరీదు అని తేలిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ విధానం ఆగిపోయాక, రాత్రీ పగలూ నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన పాడైనట్టు కాదు. కానీ చెక్ చేయకుండా డబ్బులివ్వకండి.

• కార్డు పీసీలో నడుస్తుండగానే చూడాలి. 15-20 నిమిషాలు గేమ్ గానీ, ఫర్‌మార్క్ టెస్ట్ గానీ నడపండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గీతలు వస్తే వదిలేయండి.
• జీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కార్డు పేరు, కోర్లు, మెమరీ రకం, బస్ సరిపోయాయా చూడండి. పాత కార్డుకు బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మే నకిలీలను చాలావరకు ఇది పట్టిస్తుంది.
• ఫ్యాన్లు గరగరమంటున్నాయా, స్క్రూల మీద స్టిక్కర్లు చింపారా గమనించండి. అన్ని డిస్‌ప్లే పోర్టులకూ కేబుల్ పెట్టి చూడండి.
• ఒరిజినల్ బిల్లు ఉందా, దాని మీది సీరియల్ నంబర్ కార్డు మీద ఉన్నదేనా పోల్చండి.

ఇంకో విషయం. జీటీఎక్స్ 900, 10 సిరీస్ కార్డులకు కొత్త గేమ్‌ల కోసం ఇచ్చే డ్రైవర్ అప్‌డేట్‌లను ఎన్‌విడియా 2025 అక్టోబర్‌తో ముగించింది. ఇక వచ్చేవి సెక్యూరిటీ అప్‌డేట్‌లే. జీటీఎక్స్ 1050 టీఐ, 1060 ఎవరైనా ‘సూపర్ కండిషన్’ అంటూ చూపిస్తే ఇది మర్చిపోకండి.

ధర, బిల్లు, వారంటీ

డాలర్లలో చెప్పే ధరను నేరుగా రూపాయల్లోకి మార్చి చూస్తే నిరాశే. అమెరికాలో ప్రకటించే ధరలో పన్ను కలిసి ఉండదు. మన దగ్గర 18 శాతం జీఎస్టీ, దిగుమతి చేసే డిస్ట్రిబ్యూటర్ మార్జిన్ కలుస్తాయి. పైగా ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. అందుకే పాత వీడియోలో చెప్పిన ధర పట్టుకుని బడ్జెట్ వేయొద్దు. కొనే వారంలోనే రెండు మూడు వెబ్‌సైట్ల ధరలు చూసుకోండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే అందరూ సీటీసీ అనే మార్కెట్లో నాలుగు షాపులు తిరిగి ఆ ధరలతో పోల్చండి.

‘బిల్లు వద్దంటే ఇంకో వెయ్యి తగ్గిస్తా’ అనే మాటకు పడిపోకండి. కొత్త కార్డుకు చాలా కంపెనీలు 3 ఏళ్ల వారంటీ ఇస్తాయి. బిల్లు లేకపోతే దానికోసం తిరగలేక నీరసపడతారు. బిల్లులో మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబర్ రాయించుకోండి. అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో, బావతోనో తెప్పించుకుంటే ఆ కంపెనీ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే సీల్ విప్పేటప్పుడు కట్ లేకుండా వీడియో తీయండి. వారంటీ విషయంలో తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

బిగించాక ఇవి మర్చిపోవద్దు

• మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. కొత్త కార్డు పెట్టినా గేమ్ ఏం మారలేదంటే మొదట చూడాల్సింది ఇదే.
• కొత్త కార్డుల్లో వీజీఏ పోర్ట్ ఉండదు. పాత మానిటర్ అయితే కన్వర్టర్ కావాలి.
• డ్రైవర్‌ను కంపెనీ వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి.
• విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ మార్చండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60లోనే వాడుతున్నవాళ్లు ఉంటారు.
• కొనే ముందే క్యాబినెట్ లోపల కొలవండి. కార్డు పొడవు మిల్లీమీటర్లలో స్పెసిఫికేషన్స్‌లో ఉంటుంది.
• మన ఎండాకాలంలో గదే 40 డిగ్రీలకు చేరువవుతుంది. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి వెళ్లేలా ఫ్యాన్లు ఉండాలి. వేడి తట్టుకోలేనప్పుడు కార్డు తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది.

చివరగా షాపుకి వెళ్లే ముందు ఫోన్‌లో ఐదు ముక్కలు నోట్ చేసుకోండి. మీ మానిటర్ రిజల్యూషన్, ఎస్‌ఎమ్‌పీఎస్ 12 వోల్ట్ ఆంపియర్లు, మదర్‌బోర్డు పీసీఐఈ వెర్షన్, క్యాబినెట్‌లో ఉన్న ఖాళీ, కావాల్సిన కార్డు జీబీలు-బిట్‌లు. ఈ ఐదూ చేతిలో ఉంటే షాపువాళ్లు ఏ పేరు చెప్పినా, అది మీ పీసీకి పనికొస్తుందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.